గాజు ఫ్యాక్టరీ గోడ పక్కన ఆగిన జర్మన్ కారు

ఊరి చివర మూతపడ్డ గాజు ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి ఒక రోడ్డు పోతుంది. ఆ రోడ్డుకి మంచి పేరు లేదు.

ఒకవైపు ఎంతకీ తెగని గోడ. ఇంకోవైపు రైలు పట్టాల వెంట కట్టిన ఇనుప కంచె. మధ్యలో ఒక్క దీపమూ వెలగదు. పొద్దు పోయాక అక్కడికి వచ్చేసరికి బండ్లు వాటంతటవే ఆగిపోతాయని... ఆగిన బండి చుట్టూ ఎవరో తిరుగుతున్న చప్పుడవుతుందని... చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు. ఎవరు తిరుగుతారంటే మాత్రం ఒకడు ఆడమనిషంటాడు, ఇంకొకడు కుక్కంటాడు.

నేను బీమా కంపెనీలో పనిచేస్తాను. గుద్దుకున్న బండ్లనీ, నీళ్ళలో మునిగిన బండ్లనీ వెళ్ళి చూసి రావడం నా ఉద్యోగం. అందుకే ఈ కబుర్లు విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. బండి బాగోలేక ఆగిపోతుంది, ఆ నింద పోయి దెయ్యం మీద పడుతుంది. అదీ నా నమ్మకం — మా బావ అక్కడ ఆగిపోయేదాకా.

మా అక్క మొగుడు పళ్ళ డాక్టరు. హస్తవాసి మంచిదే. బుద్ధి మాత్రం ఒక్క విషయంలో గడ్డి తింది. దాని ఓనరు పోయాక వాళ్ళవాళ్ళు అమ్మేసిన జర్మన్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రగా, చదునుగా, ఎవరో పైనుంచి చేత్తో అదిమినట్టుండే కారు. అందులోకి ఎక్కడం అనే మాట ఉండదు, దిగడమే. బయటికి రావాలంటే నూతిలోంచి పైకొచ్చినట్టు రావాలి.

దానికి ఇంజను వెనకుంటుంది. మా నాన్న చూడాలని ముచ్చటపడి ముందు మూత తెరిచాడు. లోపల ఖాళీ గొయ్యి. "అల్లుడూ, ఇంజను ఎవరో ఎత్తుకుపోయారయ్యా!" అని కేకేశాడు. బావ వారం రోజులు మామగారితో మాట్లాడలేదు.

"ఇలాంటి కారు షెడ్డులో దాచుకునేది కాదురా. రోజూ నడపాలి. నడిపితేనే అది మన మాట వింటుంది," అనేవాడు నాతో.

రోజూ నడిపాడు, నిజమే. అది విన్న మాట మాత్రం ఒక్కటీ లేదు. డాష్‌బోర్డు మీద ఎప్పుడూ ఏదో ఒక పసుప్పచ్చ దీపం. కింద కారే ఆయిలుకి అట్టముక్కలు. స్పీడ్ బ్రేకర్ వస్తే ఆగి, బండిని వాలుగా తిప్పి, ఊపిరి బిగబట్టి దాటడం. వెనక హారన్లూ తిట్లూ. చిన్న రబ్బరు గొట్టం తెగినా కొత్తది సముద్రాలు దాటి రావాలి. అది వచ్చేదాకా పేషెంటు నోరు తెరుచుకుని కుర్చీలో, ఈయన ఆటో కోసం రోడ్డు మీద. అయినా మా అక్క ఎలక్ట్రిక్ స్కూటర్ని చూస్తే ఆయనకి వెటకారం. "మీ అక్క ఫ్యాను ఎక్కి తిరుగుతోందిరా," అనేవాడు.

ఆ ఫ్యాను ఒక్కరోజూ ఆగలేదు.

ఒక సాయంత్రం బావ వాళ్ళ పాపని స్కూలు నుంచి తీసుకురావాలి. వాన. కారు స్టార్టవలేదు. ఫోను చేద్దామనైనా తట్టక, వెనక మూత కిందో సీటు కిందో దూరి కూర్చున్నాడు. పిల్లలందరూ వెళ్ళిపోయారు. పాప ఒక్కత్తే గేటు దగ్గర తడుస్తూ, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి... చీకటి పడ్డాక మా అక్కకి దొరికింది. మూడు రాత్రులు జ్వరం.

అక్క అరవలేదు. "అది ఈ ఇంట్లో ఉంటే నేనుండను," అంది. అంతే.

బావ కారు అమ్మేశానన్నాడు. అక్క నమ్మింది. నేనూ నమ్మాను.

అమ్మలేదు. పక్క వీధిలో ఒక షెడ్డు మాట్లాడుకుని అక్కడ దాచాడు. పొద్దున్నే ఇంట్లోంచి నడిచి వెళ్ళి, షెడ్డులోంచి కారు తీసి, క్లినిక్కుకి పోయేవాడు. రాత్రి మళ్ళీ షెడ్డులో పెట్టి, చెమట తుడుచుకుంటూ ఇంటికి నడిచొచ్చేవాడు. "ఆటోలు దొరకడం లేదే," అనేవాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా పెళ్ళాంతో కాళ్ళు కూడా పట్టించుకునేవాడు.

పెద్ద రోడ్డు మీద కొత్తగా స్పీడ్ బ్రేకర్లు పోశారు. కారు పొట్ట గీసుకుపోతుంది. అవి లేని దారి ఒక్కటే — గాజు ఫ్యాక్టరీ గోడ పక్క రోడ్డు.

ఇక్కణ్ణించి బావ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

ఆ రాత్రి ముసురు. గోడ సగం దాటాడో లేదో, డాష్‌బోర్డులో ఉన్న దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి... అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఇంజను దగ్గినట్టు దగ్గి ఆగింది. కారు కొంచెం దూరం దానంతటదే దొర్లి నిలబడింది.

ఫోను తీశాడు. అందులోనూ ప్రాణం లేదు. పొద్దున ఛార్జింగుకి పెట్టిన కారు సాకెట్టు అప్పటికే చచ్చింది కాబోలు.

దిగి వెనక్కి వెళితే ఇంజను చూడొచ్చు. దిగితే కదా! తలుపులు లాక్ చేసుకుని, టార్చి కూడా లేకుండా, స్టీరింగు కింద తల దూర్చి ఫ్యూజులు తడమడం మొదలెట్టాడు.

అప్పుడు... వెనక అద్దం మీద తెల్లటి వెలుగు పాకింది. చప్పుడు లేదు. ఏ బండీ వస్తున్న శబ్దం లేదు. వెలుగు ఒక్కటే — వచ్చింది, నిలబడింది, ఆరిపోయింది.

తరవాత అడుగులు. నీళ్ళలో... తప్... తప్... తప్...

పక్క అద్దం దగ్గర ఆగాయి.

బావ మెల్లిగా తలెత్తాడు. ఆవిరి పట్టిన అద్దం అవతల తెల్లటి ఆకారం. నెత్తి నుంచి కాళ్ళ దాకా తెలుపు. మొహం ఉండాల్సిన చోట నలుపు.

టక్. టక్. అద్దం మీద వేలితో కొట్టింది.

బావ కోటు నెత్తి మీద కప్పుకుని సీటులోకి జారిపోయాడు. "నేను లేను... నేను లేను..." అని గొణిగాడట. కారులో కూర్చుని కారులో లేనని చెప్పే తెలివి చదువుకున్నవాళ్ళకే వస్తుంది.

కాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు తప్ప.

కారు కదిలింది!

గేరు వెయ్యలేదు. ఇంజను చప్పుడు లేదు. కారు కదులుతోంది... మెల్లిగా... మెల్లిగా... ముందుకి. ఆయన కోటు సందులోంచి ఒక చెయ్యి చాచి స్టీరింగు పట్టుకున్నాడు. వెనక అద్దం వైపు చూసే ధైర్యం లేదు. గోడ పక్కనుంచి జారిపోతోంది. వెనక ఎవరో ఊపిరి బరువుగా తీస్తున్నారు.

గోడ అయిపోవచ్చింది. పెట్రోలు బంకు దీపాలు కనపడ్డాయి. ఆ వెలుగు ఇంకా దగ్గరికి రాకముందే తలుపు తోసుకుని, నూతిలోంచి వచ్చినట్టు పాక్కుంటూ వచ్చి, బంకులోకి పరుగు. ఒక చెప్పు అక్కడే పోయింది. వెనక్కి తిరిగి చూస్తే కారు ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు.

ఇంటికి చేరాక మా అక్క కాళ్ళ దగ్గర కూలబడి అంతా కక్కేశాడు. అమ్మలేదన్నాడు. షెడ్డు సంగతి చెప్పాడు. గోడ దగ్గర తెల్లటిది తరిమిందన్నాడు. అక్క వేడినీళ్ళు పెట్టిచ్చి, "పొద్దున మాట్లాడుకుందాం, పడుకోండి," అంది. పొద్దున్నే కారు అమ్మకానికి పెట్టాడు. ఈసారి నిజంగా. ఇప్పుడు రోజూ అక్క ఫ్యాను వెనక సీటులో, ఒళ్ళో సంచి పెట్టుకుని క్లినిక్కుకి పోతున్నాడు.

ఈ కథ విన్నాక నేనూరుకుంటానా? ఒకరోజు బావ లేనప్పుడు అక్కని వంటింట్లో పట్టుకున్నాను.

"అక్కా, నీ రెయిన్‌కోటు ఏ రంగే?"

అక్క పెదవి కొరుక్కుంది. తరవాత నవ్వాపుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"డ్యూటీ నుంచి ఆ అడ్డదారిన వస్తున్నాన్రా. చీకట్లో ఆ ఎర్ర పీడ కనబడింది. నంబరు చూశాను. ఒళ్ళు మండిపోయింది. హెల్మెట్టు తియ్యకుండానే అద్దం కొడితే ఈయన ముసుగు తన్నాడు."

"పిలవకపోయావా?"

"నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయమేసింది. పాప గేటు దగ్గర నిలబడ్డదే కళ్ళలో మెదిలింది. మాట్లాడలేను. అలాగని వానలో వదిలేసి పోలేను. అందుకని తోశాను. వెలుగులోకి రాగానే వెనక్కి వెళ్ళి స్కూటరు తీసుకుని, చుట్టుదారిన ఇంటికొచ్చి పడ్డాను."

నేను గోడకి చేరగిలబడి నవ్వాను. దెయ్యానికి భయపడి పెళ్ళాం కాళ్ళ మీద పడ్డ పళ్ళ డాక్టరు! బంధువుల్లో ఎవరెవరికి చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాను.

"అంత బరువు ఒక్కదానివే ఎలా తోశావే?" అన్నాను.

"ఒక్కదాన్నా? నా వల్ల ఎక్కడవుతుంది? ఇంచు కదల్లేదు. ఇంతలో ఒకాయన వచ్చి పక్కన చెయ్యి వేశాడు కదా."

"ఎవరు?"

"ఏమో. పెద్దాయన. తల దించుకుని తోశాడు. బంకు దగ్గర థాంక్స్ చెబుదామని తిరిగితే లేడు." అక్క పొయ్యి కట్టేసింది. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. "అటు గోడ, ఇటు కంచె... ఎటు వెళ్ళాడో తెలియలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, రెయిన్‌కోటు వేసుకున్నా నేను తడిసి ముద్దయ్యాను... ఆయన చొక్కా తడి లేదురా."

నేను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను.

"ఏమైనా అన్నాడా?"

అక్క హాల్లోకి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"ఒక్క మాటన్నాడు... 'దీన్ని అమ్మేయమని చెప్పమ్మా. నేను అమ్మలేకపోయాను.'"