ఒదుగుబాటు

జతయంత్రం ఆనాటి జతలను తెర మీదకు తెచ్చేసరికి ఇందుమతి కాఫీ ఇంకా చల్లారలేదు. మొదటి జత మారలేదు. కౌశిక్, చిన్మయి; ఒదుగుబాటు నూటికి తొంభై నాలుగు.

ఖండాంతర గోల్ఫ్ కప్పులో ఆసియా జట్టుకు జతలు చూసే పని ఆమెది. ఆటగాళ్ళ చేతి నాడీపట్టీలు పంపే లెక్కలతో యంత్రం జతలు కడుతుంది. ఆమె వేలిముద్ర వేస్తేనే అవి ఖాయమవుతాయి.

గుడారం గుమ్మంలో చిన్మయి నిలబడింది. "ఇవాళా ఆయనతోనేనా మేడమ్?"

"మీ ఇద్దరికీ బాగా కుదిరిందంటోంది."

"నాకు కుదరలేదు. ఆయన బంతిని ఇసుకలో పడేస్తారు. తర్వాతి దెబ్బ నాది. సరిగ్గా రాకపోతే అందరి ముందూ కర్ర నేలకేసి కొడతారు. నేను సారీ చెబితే చల్లబడతారు. నిన్న రెండడుగుల దూరం నుంచి కూడా బంతిని గుంతలో వేయలేకపోయాను. ఇంకో రోజిలా ఆడితే నాకు ఆటే రాకుండా పోతుంది."

ఇందుమతి నిన్నటి ఆటలో పట్టీ పంపిన గీతలు తెర మీద తెరిచింది. చిన్మయి సారీ అన్న ప్రతిచోటా ఒదుగుబాటు పైకి లేచింది. ఇద్దరూ ఒకే బంతిని వంతులవారీగా కొట్టే ఆటలో తోటివారికి సారీ చెప్పకూడదన్నది పాత మర్యాద. బంతి ఇద్దరిదీ, తప్పూ ఇద్దరిదీ. ఆ సంగతి యంత్రం కట్టినవాళ్ళకు తెలియదు.

కెప్టెన్ సత్యవ్రత్ లోపలికి వస్తూనే తెర చూశాడు. "ఆ జత జోలికి వెళ్ళకమ్మా. గెలుస్తోంది."

"అమ్మాయి ఆట పాడైపోతోంది సార్."

"సర్దుకుపోయే పిల్ల. పక్కన తనుంటేనే వాడు నిలకడగా ఆడతాడు."

"మరి ఆయన ఒదుగుబాటు గడి ఖాళీగా ఉందేం?"

"పట్టీ చిరాకన్నాడు, వదిలేశాం. అంత ఆటగాడు ఒకళ్ళకి ఒదగాలా ఏంటి?"

ఇందుమతికి ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది శాస్త్రజ్ఞులు కూర్చుని, గుండె చప్పుడు దాకా కొలిచే యంత్రం కట్టి, చివరికి దానికి నేర్పింది ఇదా? అరిచేవాడి పక్కన ఎవరు నోరు మూసుకుని నిలబడగలరో వెతికిపెట్టడం. పైగా దానికి జట్టు సామరస్యమని పేరు.

ఆమె చిన్మయి పేరును హాసిని పక్కకు జరిపింది. వాళ్ళిద్దరూ బంతి బంతికీ పోట్లాడుకునే స్నేహితురాళ్ళు. ఒదుగుబాటు నలభై. వేలిముద్ర వేసింది.

"నిజంగానా మేడమ్?" అంది చిన్మయి.

"వెళ్ళి హాసినికి చెప్పు. ఎవరూ ఎవరికీ సారీ చెప్పొద్దని కూడా చెప్పు."

యంత్రం మిగిలినవాళ్ళందరినీ కౌశిక్ పక్కన పెట్టి చూసి ఆగిపోయింది. తెర మీద రెండు వాక్యాలు మిగిలాయి. కౌశిక్‌కు తగిన జత లేదు. కౌశిక్ ఒదుగుబాటు కొలవాలా?

"ఏం చేశావమ్మా? జతలిచ్చే వేళయింది," అన్నాడు సత్యవ్రత్.

"మీ లెక్కే సార్. ఆ ఒక్క పిల్లను తీసేస్తే, ఇంత జట్టులో ఆయనకు ఎవరూ దొరకలేదు."

కొలవాలి అన్నచోట నొక్కి, పెట్టెలోంచి కొత్త పట్టీ తీసుకుని సాధన మైదానంలోకి నడిచింది.

కౌశిక్ ఎత్తిన కర్ర దించాడు. "నాకా ఇది? కెప్టెన్ గారికి తెలుసా?"

"తెలుసు. మీకు జత దొరకడం లేదు. చెయ్యిలా ఇవ్వండి."

అతను గుడారం వైపు చూశాడు. గుమ్మంలో సత్యవ్రత్ గడియారం చూసుకుంటున్నాడు. చుట్టూ సాధన చేస్తున్నవాళ్ళ కర్రలు ఒకటొకటిగా ఆగాయి. పట్టీ తెరిచి పట్టుకుని, అతను చెయ్యి చాపేదాకా ఇందుమతి అక్కడే నిలబడింది.