నాడికంకణం

బందరు తీరం సముద్రంలో కలిసిపోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడక్కడ తెప్పలపేట ఉంది. అన్నీ నీటి మీద తేలే ఇళ్లే. తుపానులకు అక్కడ ఏ టవరూ నిలవలేదు, వేసిన తీగలన్నీ ఉప్పు తినేసింది. చివరికి ఆ పేటకు ఇంటర్నెట్ తెచ్చింది డాక్టర్ ఇందుమతి కనిపెట్టిన నాడికంకణం. ముంజేతికి తొడుక్కుంటే మనిషే టవర్ అవుతాడు. సంకేతం ఒకరి నుంచి పక్కవారికి దాటుతూ ప్రతి ఇంట్లోని పలకనూ, అంటే మాటలూ వార్తలూ అందించే తెరనూ, వెలిగిస్తుంది. మొదట్లో కంకణం ప్రతిసారీ దాటించనా అని అడిగేది. జనం విసుక్కోవడంతో, తొడుక్కున్నవారి ఇష్టాన్ని నాడిలోనే చదవడం ఇందుమతి దానికి నేర్పింది.

ఆ మధ్యాహ్నం తుపాను హెచ్చరిక వెళ్లగానే తెప్పలు మడ అడవి చాటుకు కదిలాయి, ఒక్కటి తప్ప. అది నాంచారమ్మది. పిల్లచేపల్ని పట్టే సన్నవలల సంగతి అధికారులకు చెప్పిన నాటి నుంచి పేటలో ఆమెతో ఎవరూ మాట్లాడరు. తన పలక వెలగడం లేదని ఆమె పదే పదే ఫిర్యాదులు చేసి ఇందుమతికీ చీవాట్లు పెట్టించింది. ఆమెకు వాడడం చేతకాదనే ఇందుమతి అనుకుంది.

ఇందుమతి పడవలో వెళ్లేసరికి నాంచారమ్మ తాపీగా ఎండుచేపలు ఎత్తుకుంటోంది. తుపాను సంగతి వినగానే ఆమె మొహం పాలిపోయింది.

"మావోడు గట్టు మీదికెళ్లాడు తల్లీ. నాకోసం తిరిగి ఈడికే వత్తాడు. వాడికి రావొద్దని సెప్పాలి."

తాను పక్కనే ఉంది కాబట్టి పలక వెలుగుతుందని ఇందుమతి ధైర్యం చెప్పింది. ఇద్దరూ పలక వైపే చూస్తూ నిలబడ్డారు. అది నల్లగానే ఉంది. గాలి హోరు పెరుగుతోంది.

"సహాయీ, నా కంకణం పాడైందా?" అని ఇందుమతి కంకణాలన్నిటినీ గమనించే తన చేతి యంత్రాన్ని అడిగింది.

"బాగానే ఉంది డాక్టర్. ఈమెకు దాటించడానికి మీ నాడి ఒప్పుకోవడం లేదు. ఇన్నాళ్లూ చుట్టుపక్కల వాళ్ల నాడులూ ఒప్పుకోలేదు."

ఇందుమతి తల దించుకుని తన పలకను ఆమె చేతిలో పెట్టింది. నాంచారమ్మ కొడుకుతో మాట్లాడింది. వాడు గట్టు మీదే ఆగిపోతానన్నాడు. పలక తిరిగిచ్చేస్తూ ఆమె నెమ్మదిగా అంది:

"నీగ్గూడా నేనంటే కిట్టదన్నమాట."

ఇందుమతి ఆమె చేయి పట్టుకుని పడవ ఎక్కించింది. పడవ మడ అడవి చేరేదాకా ఇద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. నాంచారమ్మ ఒళ్లో ఉన్న ఆమె పలక వెలగనే లేదు.