తప్పు దిద్దే దెయ్యం

మామగారి మేడకింద వెనకగదికి మంచి పేరు లేదు. అందులో అద్దెకున్న సంగీతం మాస్టారు కీబోర్డు మీద తల వాల్చి పోయాడంటారు. శిష్యుడెవడో అపస్వరం పలికించాడట... ఆ దెబ్బకే గుండె ఆగిందట. చూసినవాళ్లు లేరు. చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

తరవాత ఆ గదిలో అల్లుళ్లిద్దరూ కలిసి స్టూడియో పెట్టారు. కంప్యూటర్లు రెండు. కీబోర్డు ఒకటే, మైకు ఒకటే, స్పీకర్లు ఒక జతే. ఒకడు పనిలో ఉంటే రెండోవాడు తీగ పీకి తన కంప్యూటర్‌కు పెట్టుకునేవాడు. అలా తీగలు ఊడి ఊడి, చివరికి మాటలే ఊడిపోయాయి. పెద్దల్లుడు తన కంప్యూటర్‌ను మేడమీది పడగ్గదికి మోసుకుపోయి, కిటికీలోంచి పొడుగాటి తీగ కిందికి వదిలాడు. ఆ ఒక్క తీగతో కింది సామాను రెండు కంప్యూటర్లకూ పలుకుతుంది. పగలు పెద్దల్లుడిది, రాత్రి చిన్నల్లుడిది. ఈ పంపకం కూడా భార్యలచేత కబురంపించుకుని కుదుర్చుకున్నదే.

చిన్నల్లుడు దెయ్యాల సీరియల్‌కు సంగీతం కడతాడు. ఇంటింటా జనాన్ని జడిపించే మనిషి, తను మాత్రం లైటు ఆర్పి పడుకోడు.

ఆ రోజు సీరియల్ ఆసామి ఫోన్ చేసి, నీ సంగీతానికి మా పిల్లలు హాయిగా నిద్రపోతున్నారయ్యా అన్నాడు. తెల్లారేలోగా భయపెట్టు, లేదా ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు.

ఇల్లంతా నిద్రపోయింది. చచ్చిన సవతి తలుపు తోసే ఘట్టం. చిన్నల్లుడు వాయించాడు. ఒకటో స్వరం... రెండోది... మూడోది —

చెయ్యి తీశాడు.

స్పీకర్లో ఆ మూడో స్వరం మళ్లీ పలికింది. ఈసారి కాస్త దిగి.

వాడు ముట్టుకోలేదు.

ఒళ్లు ఝల్లుమంది. మళ్లీ వాయించాడు. మళ్లీ దిద్దింది. లేచి పారిపోదామంటే, పారిపోతే సీరియల్ పోతుంది. మైకు ముందు చేతులు జోడించాడు.

"మాస్టారూ... పిల్లలు గలవాణ్ణి."

పొగడ్తకు దెయ్యమైనా లొంగుతుందని, చెయ్యంటే మీదేనంటూ మొదలుపెట్టాడు. మా తోడల్లుడూ ఉన్నాడు ఎందుకూ అన్నాడు. ఆయన వాయిస్తే రోకలి పోటన్నాడు. శ్రుతికీ ఆయనకూ ఏడు తరాల పగన్నాడు. ఉన్నవీ లేనివీ కలిపి దుమ్మెత్తిపోశాడు.

స్పీకర్లో గరగర... ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

"అయిందా?" అంది దెయ్యం. "అయితే ఆ మూడో స్వరం దించి ఏడువు. సరిగ్గా వాయించవు, నన్ను పడుకోనివ్వవు."

ఏళ్ల తరబడి భోజనాల దగ్గర విన్న గొంతే. పెద్దల్లుడు! కీబోర్డు మోత తీగలో పైకి వెళ్లినప్పుడు మైకులో మాట వెళ్లదా? ఇన్ని రాత్రులూ తను గొణిగిన తిట్లన్నీ మేడెక్కాయన్నమాట. తిట్లు వింటూ పెద్దల్లుడు నిద్రపోగలిగాడు గానీ, అపస్వరం వింటూ పోలేకపోయాడు. అందుకే మంచం దిగి, తన కంప్యూటర్ మీటలు నొక్కి దిద్దాడు, దాని లోపలి మైకులోనే కసిరాడు.

ఆ పైన అదే వరస. కింద తప్పడం, పైన దిద్దడం. తెల్లారేసరికి ముక్క పూర్తయింది, పంపేశాడు.

ఫోన్ మోగింది. మా ఆవిడ నా చెయ్యి వదల్లేదయ్యా అని ఆసామి మురిసిపోయాడు. "ఎవరు వాయించారు?"

చిన్నల్లుడు మైకు వంక చూశాడు. పైన పెద్దల్లుడు వింటున్నాడని తెలుసు. వరసకు అన్నయ్యే. మా అన్నయ్య — అంటే సరిపోతుంది. ఆ మాట గొంతుదాకా వచ్చింది... అక్కడే కూర్చుంది.

"దెయ్యమండీ," అన్నాడు నవ్వుతూ.

ఆసామీ నవ్వాడు. ఇకమీదట ఆ దెయ్యమే వాయించాలనీ, నువ్వొక్కడివే వాయిస్తే పంపొద్దనీ చెప్పి పెట్టేశాడు.

కిటికీ దగ్గర ఏదో కదిలింది.

తీగ... పాములా గోడ పట్టుకుని పైకి పాకుతోంది. చూస్తుండగానే తోకతో సహా మేడమీది కిటికీలోకి వెళ్లిపోయింది. రెక్క టప్పున మూసుకుంది.

చిన్నల్లుడు వెళ్లి మెట్ల మొదట్లో నిలబడ్డాడు. దెయ్యమనుకున్నంతసేపూ కాళ్లు పట్టుకోవడానికి సిగ్గు లేకపోయింది. ఇప్పుడు పైకెక్కాలి, తలుపు కొట్టాలి, అన్నయ్యా అనాలి.

మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ తీశాడు చూడండి — అసలు భయం అప్పుడు పట్టుకుంది.