తొక్కని టిక్కీ

“ల్యాబ్‌లో ఎలుకలన్నిటికీ విషం పెట్టి, ఒక్క జంటను ఎత్తుకుపోయారు,” అంది చీఫ్ సాజిదా.

ఏజెంట్ ఆదాంకి నవ్వొచ్చింది. ప్రత్తిపాడు సంతలో ఎలుకల మందు అమ్మే బాలస్వామి కొడుకు మరి!

“పళ్లికిలించకు. పీ53 అనే జీన్ తీసేసి పుట్టించిన ఎలుకలవి. ఆ జీన్ కణానికి బ్రేకు. అది లేకపోతే క్యాన్సర్ గడ్డ ఖాయం. మన కొత్త మందు పనిచేస్తుందో లేదో ఆ జంట సంతానమే తేల్చాలి. సముద్రం దాటాయా, మందు వాళ్లది, పాడె మనది.”

“ఎవరి పని మేడం?”

“మన జాస్మిన్.”

ఆదాం నవ్వు ఆగిపోయింది. రెండేళ్లు వాడి పక్కనే కూర్చుని బిర్యానీ తిన్న భాగస్వామి!

మర్నాడు మధ్యాహ్నం, చీఫ్‌కి ఉప్పందిన వాడరేవు. ఎండుచేపల పక్కన మిర్చి టిక్కీల గుట్ట, అంటే కాయ కుక్కిన గోనె బస్తాలు. పడవ మీద విదేశీ కెప్టెన్. ఒడ్డున నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో ఎక్స్‌పోర్టు ఓనరమ్మ వేషంలో జాస్మిన్. ముఠా కూలీల్లో లుంగీ, పెట్టుడు గడ్డంతో ఆదాం.

వాడి కళ్లజోడులో వేడిని పసిగట్టే కెమెరా ఉంది. కానీ ఎండకి కాగిన టిక్కీలన్నీ ఎర్రగానే కనబడ్డాయి. అది తయారుచేసి పంపిన ఢిల్లీ వాళ్లని తిట్టుకుంటూ దాన్ని రొంటిన దోపాడు.

గుంటూరు సీమలో టిక్కీ నింపాలంటే మనిషి అందులో దిగి కాయని తొక్కాలి. అప్పుడే అది బండలా బిగుస్తుంది. ప్రాణమున్న సరుకుని మాత్రం ఎవడు తొక్కుతాడు?

“ఓనరమ్మగారూ, వదులుగా కట్టారండీ! పడవలో దొర్లిపోతాయి!” అని అరుస్తూ గుట్టెక్కి తొక్కడం మొదలుపెట్టాడు. పాదం గట్టిగా వేసినట్టే కనిపిస్తుంది, బరువంతా రెండో కాలి మీదే. ఎలుకలు నలిగితే పాపం తనదే.

చివరి టిక్కీ మీదికి కాలెత్తాడు.

“ఒరేయ్! తియ్యరా కాలు!” జాస్మిన్ పరుగెత్తుకొచ్చి ఆ టిక్కీని రెండు చేతులా వాటేసుకుంది.

“ఈ ఏడు కాయ ఎలా ఉందమ్మా?” అన్నాడు ఆదాం. అది డిపార్ట్‌మెంటు కోడ్.

“రంగు తక్కువ, ఘాటు...” అలవాటుగా అనేసి నాలిక్కరుచుకుంది. “ఆదాం! నీ గడ్డం తగలెయ్య!”

“తిన్న బిర్యానీ గుర్తుందన్నమాట.”

“ఎలుకల మందోడి కొడుకు ఎలుకలకి కాపలానా? థూ!” పిస్టల్ తీసి టిక్కీకి ఆనించింది. “పడవ కదలనివ్వు. లేదంటే జంటని కాల్చేస్తా. నాకు దక్కనిది మీకూ దక్కదు.”

ఆదాం చేతులు రెండూ పైకెత్తాడు.

ఎండకి ఆమె నుదుటి చెమట కళ్లలోకి కారింది. కళ్లద్దాలు పైకి నెట్టి, మిర్చి టిక్కీని వాటేసుకున్న చేత్తోనే తుడుచుకుంది. మన కల్లాల్లో పసిపిల్లలు కూడా చెయ్యని పని!

కెవ్వున కేక. ఆదాం పిస్టల్‌ని ఎగిరి తన్నాడు. తూటా ఇసుకలో దిగబడింది. కెప్టెన్ ఇంజన్ స్టార్ట్ చేశాడు గానీ, ఎదురుగా కోస్ట్‌గార్డు నౌక నిలబడి ఉంది.

టిక్కీ విప్పితే పైన నాలుగు వేళ్ల మందాన కాయ. కింద చిల్లుల పెట్టె. అందులో తెల్లెలుకల జంట, ఒకదాని తర్వాత ఒకటి తుమ్ముతూ.

సాయంత్రం బాలస్వామి ఫోన్ చేశాడు. “ఏరా, ఎక్కడ చచ్చావు?”

“ఎలుకల పని మీద వచ్చాను నాన్నా.”

“చచ్చాయా?”

“లేదు నాన్నా, రెండూ బతికే ఉన్నాయి.”

“చేతగాని వెధవా! నా మందు పట్టుకెళ్తే ఈపాటికి అయిపోయేది కదరా!”