అడిగి కొట్టిన రోజు

"సుప్రియ నోరు విప్పిందో లేదో సాయంత్రంలోగా తేల్చాలి" అన్నాడు ఆఫీసరు లాజరస్. "విప్పి ఉంటే చందువ చచ్చినట్టే."

చందువ అంటే ఇక్కడ చేప కాదు. విదేశీ ముఠా ట్రాలర్లో వంటవాడి వేషంలో ఉన్న మన ఏజెంటు కోడ్ నేమ్. ముఠా గుట్టంతా ఉన్న మైక్రోచిప్‌తో అతను ఈ సాయంత్రం బోగోలు తీరానికెదురుగా సముద్రంలోకి దూకుతాడు. మన పడవ ఏదో అతను గుర్తుపట్టేది దాని జెండా రంగును బట్టే. ఆ రంగు ముఠాకు తెలిస్తే వాళ్లూ ఒక పడవకు అదే జెండా కట్టుకుని వస్తారు. చందువ నేరుగా వాళ్ల చేతుల్లోకే ఈదుకుంటూ పోతాడు.

రంగును అతనికి చేరవేసింది సుప్రియ. ముఠా నడిపే రొయ్యల ఎగుమతి కంపెనీలో సెక్రటరీ, మన డబుల్ ఏజెంట్. ఆమె నడిచి వస్తే ఆఫీసులో కాలిక్యులేటర్లు కూడా తప్పు లెక్కలు చూపిస్తాయని చెప్పుకునేవారు. ఆ సుప్రియ పొద్దున ఫోన్లో ఒక్క మాటే అంది: "టార్చర్."

వెంకటగిరి చీరల మూటతో, చీరలమ్మే మనిషి వేషంలో ఏజెంటు కరుణాకుమారి లాజరస్ వెంట సుప్రియ ఉన్న సేఫ్ హౌస్‌కు వెళ్లింది. హ్యాండ్‌బ్యాగులో షాక్ కొట్టే లిప్‌స్టిక్ ఉంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చినప్పటి నుంచి అది కొట్టింది లేదు. సముద్రపు గాలికి చెమ్మెక్కింది.

సుప్రియ కథ చక్కగా చెప్పింది. ఇద్దరు ముసుగు మనుషులు, చీకటి గది, బెల్టు. లాజరస్ ప్రతి మాటకూ తల ఊపాడు. అంతలో ఆమె చేతిలోని గ్లాసు ఒలికింది. ఎవరూ ఏమీ అనకముందే "సారీ, సారీ" అంటూ కొంగుతో నేల తుడిచేసింది. జాకెట్ చెయ్యి పైకి జరిగినప్పుడు కరుణకు దెబ్బలు కనిపించాయి. కొన్ని నీలం, కొన్ని పసుపు, కొన్ని ఎప్పుడో నల్లబడ్డవి. ఒక్కటీ బట్ట దాటి బయటికి రాలేదు.

చిత్రహింస పడి వచ్చినవాళ్లను కరుణ చూసింది. వాళ్లు ఏది మరిచిపోయినా తమను అడిగిన ప్రశ్న మరవరు. నిద్రలో కూడా దాన్నే పలవరిస్తారు. సుప్రియ కథలో అన్నీ ఉన్నాయి, ప్రశ్న లేదు.

"సార్, టీ చెప్పిరండి" అంది కరుణ. ఆయన వెళ్లేదాకా ఆగి అడిగింది.

"మీ ఆయన ఎప్పట్నుంచి కొడుతున్నాడమ్మా?"

సుప్రియ జాకెట్ చెయ్యి కిందికి లాక్కుంది.

"పెళ్లయినప్పట్నుంచి. కూరలో ఉప్పు ఎక్కువైనా కొడతాడు, తక్కువైనా కొడతాడు. ఏ తప్పూ దొరక్కపోయినా కొడతాడు. సార్‌కి ఎన్నోసార్లు చెప్పినా. ఇంటి విషయం, సర్దుకో అన్నారు. మొగుడు కొట్టినాడంటే సర్దుకోమంటారక్కా. టార్చర్ అంటే జీపేసుకొని వస్తారు."

మొగుడు పెంచలకృష్ణ డిపార్ట్‌మెంటు మనిషే. జెట్టీ మీద వైర్‌లెస్ చూస్తాడు. ఇది చిత్రహింస కాదు, ఇంటి వేధింపు. దీంట్లో అడిగేదీ చెప్పేదీ ఉండవు కాబట్టి చందువకు ప్రమాదం లేదు. కరుణకు ఊపిరి వచ్చింది. వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది. మూట అందుకుని లేవబోయింది.

"రాత్రి మాత్రం వేరేగా ఉన్నిందక్కా" అంది సుప్రియ.

"వేరేగా అంటే?"

"అడిగినాడు."

"ఏమని?"

"జెండా ఏ రంగని."

కిటికీ బయట రొయ్యల గుంటలో ఏరేటర్లు నీళ్లను చిలుకుతూనే ఉన్నాయి. కరుణ మూట మళ్లీ కింద పెట్టింది.

"ఏం చెప్పినావు?"

"పసుపని అబద్ధం చెప్పినా. ఆగినాడక్కా. ఇన్నేళ్లలో ఒక్క జవాబుకు ఆగింది అదే."

జవాబు వినగానే ఆగే చెయ్యి సొంతానికి కొట్టే చెయ్యి కాదు. దానికి పైన ఇంకెవరో ఉన్నారు. మన పడవ అసలు జెండా ఎత్తగానే పెంచలకృష్ణ చూస్తాడు. పసుపు కాదని ముఠాకు చెప్పడానికి మైకు చేతిలోనే ఉంది.

టీలు పట్టుకొచ్చిన లాజరస్‌ను గ్లాసులతో సహా ఇద్దరూ జీపెక్కించారు.

జెట్టీకి చేరేసరికి పొద్దు వాలుతోంది. దూరంగా ట్రాలర్. దానికి కొంచెం ఇవతల పసుపు జెండాతో ఎవరిదో పడవ ఓపిగ్గా ఊగుతోంది. మన పడవలో పోలేరయ్య నేరేడు రంగు గుడ్డను కొయ్యకు ఎత్తుతున్నాడు. పెంచలకృష్ణ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పసుపు కాదు. రంగు..."

సుప్రియ వైరు లాగేసింది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. పెళ్లాం. పక్కన ఆఫీసరు ఉన్నాడన్న స్పృహ కూడా లేకుండా అలవాటుగా చెయ్యెత్తాడు. కరుణ లిప్‌స్టిక్ అతని మెడకు ఆనించి, పనిచేయదనే నమ్మకంతోనే నొక్కింది. పనిచేసింది. పెంచలకృష్ణ చేపల బుట్టల మధ్య కూలబడ్డాడు. నీళ్లలో ఒక నల్లటి తల పసుపు జెండాను దాటి నేరేడు జెండా వైపు ఈదుకుంటూ వచ్చింది. పోలేరయ్య చెయ్యందించాడు.

లాజరస్ నుదురు తుడుచుకున్నాడు. ఢిల్లీకి రిపోర్టు పంపాలి. అందులో టార్చర్ అని రాయాలా, అబ్యూజ్ అని రాయాలా అని సుప్రియ ముఖం చూడకుండా అడిగాడు.

"రెండూ రాయండి సార్" అంది సుప్రియ, చల్లారిన టీ అందుకుంటూ. "ఇన్నేళ్లూ సొంతానికి కొట్టినాడు. రాత్రి ఒక్కటే డ్యూటీ చేసినాడు."