నల్లరాయిని చూసిన తరళ

మణిగిరి రాజుకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి హేమలేఖ పాడితే పావురాలు గింజలు మానేసి వినేవి. చిన్నమ్మాయి తరళకు అక్కంటే ఒళ్ళు మంట. చీర అక్కకు నప్పితే మంట, తల్లి అక్కకు తల దువ్వితే మంట. తరళ కన్ను పడిన కుండ మర్నాటికి బీటవారుతుందని అంతఃపురంలో గుసగుసలు. అందుకే అక్క ముస్తాబయ్యే వేళ ఆమెను ఆ గది ఛాయలకు రానిచ్చేవారు కారు.

కరాళుడనే రాక్షసుడు హేమలేఖను పెళ్ళాడతానని వచ్చాడు. ఆమె కాదనేసరికి అడవిలోకి ఎత్తుకుపోయి నల్లరాయిగా మార్చేశాడు. అమావాస్యలోగా రాయి పగలకపోతే లోపలి ప్రాణం కూడా రాయైపోతుంది. వెళ్ళిన రాజకుమారులందరూ గదలు విరగ్గొట్టుకుని తిరిగొచ్చారు. అప్పుడు రాణి తరళను పిలిపించింది.

"నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. నీ కన్ను ఎలాంటిదో నాకు తెలుసు. వెళ్ళి అక్కను చూడమ్మా" అంది.

తల్లి తనను ఒక కోరిక కోరడం అదే మొదలు. కోరింది కూడా ఇదా అని తరళ మనసు కలుక్కుమంది. అయినా బయల్దేరింది.

అడవిలో ఒక ముని ఎదురయ్యాడు. చూపుకు రాయి ఎలా పగులుతుందని తరళ అడిగింది. మనసేమో కంటికి కనబడదు, రాయేమో కదలదు, ఆ రెండింటికీ ఏం చుట్టరికం?

"నాకూ పూర్తిగా తెలియదు తల్లీ. నీరు గడ్డకట్టి మంచుగడ్డ అయినట్టు, మనసే గడ్డకట్టి రాయవుతుందేమోనని నా అనుమానం. అదే నిజమైతే, గదకు లొంగనిది మరో మనసుకు లొంగాలి" అన్నాడు ముని.

తరళకు సగమే అర్థమైంది. మునికి మాత్రం అంతకంటే ఎక్కువ అర్థమైందా ఏమిటి!

కరాళుడు ఆమెను అడ్డగించలేదు. రాయిని చూసి అసూయపడే వెర్రివాళ్ళు ఉంటారా అని వాడి ధీమా. నిజంగానే, అక్కను అలా చూడగానే తరళకు ఏడుపొచ్చింది. ఎంత గుచ్చి చూసినా రాయి చెక్కుచెదరలేదు. పొద్దు వాలుతోంది. తెల్లవారితే అమావాస్య.

అంతటితో నోరు మూసుకుంటే వాడు రాక్షసుడెందుకవుతాడు?

"మీ అక్క పోయిన నాటినుంచి మీ అమ్మ అన్నం ముట్టలేదట. నువ్వే రాయివైతే ఒక్క పూటైనా మానేదా?" అన్నాడు.

తరళ మళ్ళీ రాయి వైపు చూసింది. రాయై పడి ఉన్నా అమ్మ అక్కదే. కడుపులో రగిలిన మంట కళ్ళలోకి వచ్చింది. రాయి ఫెళ్ళున పగిలి హేమలేఖ బయటపడింది. మంత్రంతోపాటే కరాళుడి బలమూ పోయింది. తరళ వాడి వంకా చూసింది గానీ, వాడిలో అసూయపడడానికి ఏముంది గనక? పొదల్లోకి పారిపోయి బతికిపోయాడు.

అక్కచెల్లెళ్ళు కోటకు చేరేసరికి రాణి పరుగున ఎదురొచ్చి ముందు తరళను కావలించుకుంది.

"అక్క కోసం అన్నం మానేశాను. నిన్ను పంపాక పచ్చి గంగైనా ముట్టలేదే" అంది.

ఆ మాట పూర్తయ్యీ కాకముందే గుమ్మం పక్కనున్న రాతి ఏనుగు నిలువునా చీలింది. అందరూ బెదిరి తరళ వైపు తిరిగారు. తరళ కళ్ళు మూసుకుని తల్లి భుజాన వాలి ఉంది. రెప్పవేయకుండా చూస్తున్నది హేమలేఖ.

తర్వాత ఆ ఇద్దరూ కలిసి చల్లగా రాజ్యమేలారు. రాణి మాత్రం బతికున్నన్నాళ్ళూ, పొద్దుగూకగానే ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని, ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి దిష్టి తీసేది.