పసుపు ట్యాగు

సుమిత్, శ్రీవాణి మొదటిసారి మాట్లాడుకున్నది నలభై వాల్వుల గురించి.

పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీకి సుమిత్ ప్రాజెక్టు మేనేజరు. సరుకు కోసం లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. క్వాలిటీ చూసే శ్రీవాణి మాత్రం నలభై వాల్వులకీ పసుపు ట్యాగులు కట్టి, తీరిగ్గా తన బల్ల మీద టిఫిన్ డబ్బా తెరిచింది.

"మేడం, లారీ ఆగింది," అన్నాడు సుమిత్.

"ఆగనీయుండ్రి. లారీకి ఆకలైతలేదు, నాకైతుంది."

పసుపు ట్యాగు అంటే ఆగమని. లోపం సరిచేసి తెస్తే మళ్లీ చూసి, బాగుంటే ఆకుపచ్చది కడుతుంది. కట్టినవాళ్లు తప్ప ఆ ట్యాగును యజమాని కూడా విప్పకూడదు. అది ఫ్యాక్టరీ రూలు.

లారీ సాయంత్రం దాకా కదల్లేదు. సుమిత్ కూడా ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

అతనికి ప్రాజెక్టు చేయడం ఒక్కటే తెలుసు. శ్రీవాణితో పెళ్లిని కూడా అలాగే మొదలుపెట్టాడు. ఎవరి ఒప్పుదల కావాలి, ఏ పని వెనుక ఏ పని, ఎప్పటికి పూర్తవ్వాలి, ఎక్కడ తేడా రావచ్చు, వస్తే ఏం చేయాలి, అన్నీ పెద్ద చార్టు మీద గీశాడు. ఒక ఆదివారం దాన్ని చుట్టుకుని సంగారెడ్డిలో శ్రీవాణి ఇంటికి వెళ్లాడు. ఆమెకు ఆదివారాలు డ్యూటీ.

ఆమె తండ్రి పాండురంగం ధాన్యం వ్యాపారి. ఏ పని ఎప్పుడవుతుందో ముందే రాసిచ్చిన మనిషిని ముప్పై ఏళ్లలో చూడలేదని మురిసిపోయాడు. ఇక ప్రతి ఆదివారం రివ్యూ మీటింగే. తల్లి సావిత్రమ్మ బజ్జీలు వేసేది. అయిదు వారాల్లో ఫంక్షన్ హాలు చూశారు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కి వచ్చారు. వరుసలన్నిటికీ టిక్కులు పడుతున్నాయి.

ఆరో ఆదివారం వాన. ఫ్యాక్టరీలో కరెంటు పోయి, శ్రీవాణి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. హాల్లో చార్టు పరిచి ఉంది, నాలుగు మూలలా బజ్జీ ప్లేట్ల బరువుతో. వంగి చదివింది. నలభయ్యో వరుసలో షామియానా. నలభై రెండులో ఐస్‌క్రీం. మధ్యలో తన పేరు, ఎదురుగా "విషయం చెప్పాలి" అని.

"నన్నెవరు అడిగిన్రు?"

సుమిత్ పాండురంగం వైపు చూశాడు. పాండురంగం భార్య వైపు చూశాడు.

"మీరిద్దరు ఆడ ఫ్యాక్టరీలనే మాట్లాడుకున్నరనుకున్న గద బిడ్డా," అంది సావిత్రమ్మ, కంగారుగా ఒక ప్లేటు ఎత్తేస్తూ.

ఆ మూల చుట్టుకుపోయింది. శ్రీవాణి దాన్ని విప్పి పట్టుకుంది. అక్కడున్నది తేడాల జాబితా. వాన పడితే రేకుల షెడ్డు. వంటమనిషి రాకపోతే ఇంకొకరు. శ్రీవాణి వద్దంటే... ఆ గడి ఖాళీ. రాసి చెరిపి, రాసి చెరిపి, కాగితం పలచబడింది.

"ఇదేంది, ఖాళీ ఉంది?"

"ఆరు వారాలాయె మేడం. ఏం రాయాల్నో తోస్తలేదు."

శ్రీవాణి పలచబడ్డ ఆ గడిని వేలితో తడిమి చూసింది. తర్వాత బ్యాగులోంచి పసుపు ట్యాగు తీసి, అతని చొక్కా గుండీకి కట్టి, లోపలికి వెళ్లిపోయింది.

వద్దన్నట్టా అని సావిత్రమ్మ గుసగుసగా అడిగింది. కాదని, లోపం తనదేనని, సరిచేసుకు రావాలని సుమిత్ వివరించాడు.

రూలు రూలే. ట్యాగుతోనే బస్సెక్కాడు. లగేజీ టికెట్టు కూడా కొట్టాలా అని కండక్టరు అడిగాడు. ఆ చొక్కాతోనే పడుకున్నాడు.

సోమవారం శ్రీవాణి బల్ల ముందు, వాల్వుల ట్రాలీ వెనుక వరుసలో నిలబడ్డాడు. చేతిలో ఏ కాగితమూ లేదు. తన వంతు వచ్చింది.

"ముందుగాల మిమ్మల్నే అడగాలె. భయమైంది. గందుకే చుట్టుపక్కలోళ్లందర్ని అడిగిన. నన్ను చేసుకుంటరా?"

"వద్దంటే?"

"ఆ గడి ఇంకా ఖాళీనే ఉంది మేడం."

శ్రీవాణి అతని నలిగిన కాలరు సరిచేసింది. పసుపు ట్యాగు విప్పింది. ఆకుపచ్చది కట్టి, సంతకం పెట్టి, తారీఖు వేసింది.

"దీన్ని గూడ నేను తప్ప ఎవరు విప్పొద్దు. తెలుసు గద?"

గేటు దగ్గర హారన్ మోగింది.

"లారీ ఆగింది," అంది శ్రీవాణి.

"ఆగనీయుండ్రి," అన్నాడు సుమిత్.